పొగే చెబుతుంది జబ్బేంటో!

డాక్టరు నాలుక చాపమన్నట్టు, బోటు మెకానిక్ ముందుగా ‘ఏదీ... ఇంజన్ స్టార్ట్ చెయ్’ అంటాడు. ఆ తర్వాత అతని చూపు ఇంజన్ మీద ఉండదు, పొగగొట్టం మీద ఉంటుంది. నలుపా, నీలమా, తెలుపా... సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది!

రేపల్లె దాటి నిజాంపట్నం హార్బరుకు వెళ్లినా, బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డుకు వెళ్లినా డీజిల్ ఇంజన్ల మోతే. తెనాలి పొలాల్లో ఆయిల్ ఇంజన్ మొరాయిస్తే ఆ పూటకి తడి ఆగుతుంది, అంతే. నడిసముద్రంలో బోటు ఇంజన్ ఆగితే? గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోవడమే. అందుకే పాత ఇంజన్ ముందే చేసే సైగని సరంగు కనిపెట్టాలి.

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని అదిమితే అది 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ సన్నటి తుంపరగా డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. గాలి చాలకపోయినా, వేడి చాలకపోయినా, మధ్యలో నీళ్లో ఇంజనాయిలో దూరినా పొగ రంగు మారిపోతుంది.

ఎక్కువమంది పొరబడేది నల్లపొగ దగ్గరే. డీజిల్‌కి తగ్గ గాలి అందక సగం కాలి మసైపోవడమే నల్లపొగ. వెంటనే ‘ఇంజన్ పోయింది, విప్పాల్సిందే’ అనేస్తారు. కానీ చాలాసార్లు తప్పు ఇంజన్‌ది కాదు! పంకాకి వల ముక్కో తాడో చుట్టుకుని ఉండొచ్చు. బోటు అడుగున నాచూ గుల్లలూ పేరుకుని ఉండొచ్చు. ఇంజన్ పాపం ఆ బరువు లాగలేక ఎక్కువ డీజిల్ మింగుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా అంతే. ఒక చిట్కా ఉంది. ఇంజన్ గది మూత తెరిచి చూడండి. పొగ పలచబడితే లోపలికి గాలి ఆడటం లేదన్నమాట. పైసా ఖర్చులేని పరీక్ష! ఇవన్నీ సరిగ్గా ఉంటేనే నాజిళ్లని అనుమానించాలి.

నీలం పొగ అంటే ఇంజనాయిల్ కాలుతోందని అర్థం. పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త వచ్చి ఆగిపోతే, రాత్రంతా వాల్వ్ గైడ్ల సందుల్లోంచి ఆయిల్ కారి ఉంటుంది. వల లాగేటప్పుడు కూడా విడవకుండా వస్తుంటే రింగులు అరిగాయేమో చూడాలి. ఆయిల్ మోతాదు మించి పోసినా ఇదే గోల.

భయపడాల్సింది మాత్రం తెల్లపొగకే. చల్లటి ఇంజన్ కాసేపు తెల్లగా వదిలితే ఫర్వాలేదు. వేడెక్కాక కూడా తగ్గకపోతే ముక్కుకి పని చెప్పాలి. డీజిల్ వాసన కొడుతూ కళ్లు మండితే ఇంధనం అంటుకోకుండానే బయటికొచ్చేస్తోంది. నాజిల్, టైమింగ్, కంప్రెషన్... మూడింట్లో ఏదో ఒకటి దెబ్బతింది. వాసన లేకుండా ఆవిరిలా వస్తూ, కూలింగ్ నీళ్లు రోజురోజుకీ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ కాలిందేమో, హెడ్ పగిలిందేమో! అప్పుడిక వేటకు వెళ్లకూడదు. రాత్రికి సిలిండర్లో నీళ్లు చేరితే, నీళ్లు గాలిలా అణగవు కాబట్టి, పొద్దున సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఏ సిలిండర్‌దా తప్పు? మెకానిక్ ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేస్తాడు. ఇంజన్ వేగం తగ్గితే ఆ సిలిండర్ బాగున్నట్టే. ఏ మార్పూ లేకపోతే దొంగ అదే! చూడ్డానికి తేలికే గానీ ఇది అందరూ చేసే పని కాదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. అడుగు గీకడానికీ, నాజిళ్లు టెస్టింగుకి ఇవ్వడానికీ అంతకు మించిన అదను లేదు. బోటుకి రంగులేయడం మర్చిపోరు గానీ, ఎందుకో నాజిళ్లు మర్చిపోతారు! రిపేరయ్యాక జెట్టీకి కట్టేసి ఖాళీగా తిప్పితే ఏ ఇంజనైనా బుద్ధిమంతుడిలాగే ఉంటుంది. మొగ దాటించి, లోడు మీద ఒక అరగంట నడిపి అప్పుడు చూడాలి పొగగొట్టం వైపు.