నీరు–దిగుబడి సరళరేఖ: వాలు, అంతరఖండాల నిర్ధారణ, అన్వయం

కడప జిల్లా ఒంటిమిట్ట వంటి మెట్ట ప్రాంతాలలో, బోరుబావిలో మిగిలిన కొద్దిపాటి నీటితో వేరుశనగకు మరొక తడి ఇవ్వడం లాభమా, కాదా అన్నది రైతుకు తరచు ఎదురయ్యే ప్రశ్న. దీనికి సమాధానం చెప్పడానికి నీరు–దిగుబడి సరళరేఖ యొక్క వాలు, అంతరఖండాలను సరిగా గణించి, వాటి అర్థాన్ని గ్రహించడం అవసరం.

వాలు

పంట కాలంలో లభించిన మొత్తం నీటిని (మి.మీ.) అడ్డు అక్షంపైన, కాయ దిగుబడిని (కిలోలు/హెక్టారు) నిలువు అక్షంపైన గుర్తించాలి. కనిష్ఠ వర్గాల పద్ధతిలో రేఖను గీసిన పిదప, ప్రయోగ బిందువులను కాక, రేఖపైనే దూరంగా ఉన్న రెండు బిందువులను ఎన్నుకోవాలి. ఉదాహరణకు, అభ్యాసార్థం ఊహించిన ఒక రేఖపై 300 మి.మీ. వద్ద 1,000 కిలోలు, 500 మి.మీ. వద్ద 2,000 కిలోలు ఉన్నాయనుకుందాం.

వాలు = (2,000 – 1,000) ÷ (500 – 300) = 5 కిలోలు/హెక్టారు/మి.మీ.

అంతరఖండం

దిగుబడి = (వాలు × నీరు) + అంతరఖండం. కనుక, అంతరఖండం = 1,000 – (5 × 300) = –500 కిలోలు.

రుణ దిగుబడి ఉండదు. ఈ రేఖ అడ్డు అక్షాన్ని ఖండించే చోటు (500 ÷ 5 = 100 మి.మీ.) అర్థవంతమైనది. నేల నుండి ఆవిరి కావడం వంటి కారణాల వలన పంటకు దక్కని నీటికి అది స్థూలమైన అంచనా. 1984లో ఫ్రెంచ్, షుల్ట్జ్‌లు దక్షిణ ఆస్ట్రేలియా గోధుమకు గీసిన గరిష్ఠ దిగుబడి రేఖలో ఈ విలువ సుమారు 110 మి.మీ., వాలు 20 కిలోలు. పంట, నేల, వాతావరణం మారితే ఈ విలువలూ మారుతాయి.

తరచు జరిగే పొరపాట్లు

1. దిగుబడిని నీటితో భాగించి, దానినే వాలుగా భావించడం. పై ఉదాహరణలో 1,000 ÷ 300 = 3.3 మాత్రమే. ఈ లెక్కన 50 మి.మీ. తడికి సుమారు 167 కిలోలు అదనంగా వస్తాయనిపిస్తుంది. వాలు ప్రకారం 250 కిలోలు రావాలి. ఈ తేడా వలన ఇవ్వదగిన తడిని వద్దని చెప్పే ప్రమాదముంది.

2. అడ్డు అక్షం 200 మి.మీ. వద్ద మొదలైన పటంలో, రేఖ నిలువు గీతను తాకిన 500ను అంతరఖండంగా చదవడం. నీరు సున్నా అయిన చోటనే అంతరఖండాన్ని చదవాలి.

3. రేఖను కొలతల పరిధి దాటి పొడిగించడం. ఒక హద్దు దాటాక నీరు పెరిగినా దిగుబడి పెరగదు.

క్షేత్ర అన్వయం

ఆచ్ఛాదన ఆవిరిని తగ్గించి ప్రధానంగా అడ్డు అంతరఖండాన్ని ఎడమకు జరుపుతుంది. మేలైన రకం, సమతుల పోషణ ప్రధానంగా వాలును పెంచుతాయి. అయితే వాలు పంటకాలమంతటికీ సగటు మాత్రమే. ఊడలు దిగే, కాయలు ఊరే దశలలో నీటి ఎద్దడి నష్టం అంతకన్నా ఎక్కువ. అందుచేత తడి విలువను వాలుతో లెక్కించి, తడి ఇచ్చే సమయాన్ని పంట దశను బట్టి నిర్ణయించాలి.