ఊపిరి మీద కన్ను

హైదరాబాద్ శివార్లలోని తెల్లాపూర్, నల్లగండ్ల చుట్టుపక్కల పిల్లల పళ్ల క్లినిక్కుకి వెళ్తే ఇప్పుడు నవ్వు గ్యాసు మాట వినిపిస్తుంది. సూది చూడగానే కెవ్వుమనే పిల్లల ముక్కుకి చిన్న మాస్కు పెట్టి నైట్రస్ ఆక్సైడ్ ఇస్తారు. అమెరికా దంతవైద్యుడు హొరేస్ వెల్స్ 1844లోనే ఈ గ్యాసు పీల్చి తన పన్ను పీకించుకున్నాడు. ఇది రక్తంలో బాగా తక్కువగా కరుగుతుంది. అందుకే నిమిషాల్లో పనిచేసి, నిమిషాల్లోనే దిగిపోతుంది. పిల్లవాడు నిద్రపోడు, పిలిస్తే పలుకుతాడు. పలకడం మానేస్తే మోతాదు ఎక్కువైనట్టే.

మత్తు వైద్యంలో మన ఊరికి పాత చరిత్రే ఉంది. 1880ల చివర్లో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో, అప్పటి మత్తుమందు క్లోరోఫామ్ మనుషుల్ని ఎలా చంపుతోందో తేల్చడానికి హైదరాబాద్‌లో రెండు కమిషన్లు నడిపాడు. వందల జంతువులు బలయ్యాయి. ముందు ఆగేది ఊపిరేననీ, నాడి పట్టుకుని కూర్చోక శ్వాసనే గమనించాలనీ తేల్చారు. లారీ దగ్గర చదివిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. అయితే ఆ తీర్పు సగమే నిజం. క్లోరోఫామ్ గుండె లయను కూడా చెదరగొట్టగలదని 1911లో లెవీ అనే వైద్యుడు చూపించాడు. నేడు వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ నాడినీ, రక్తంలోని ఆక్సిజన్‌నూ చూస్తుంది. ఛాతీ కదలికను చూడాల్సింది మాత్రం మనిషే.

నైట్రస్ క్లోరోఫామ్ అంత ప్రమాదకారి కాదు. దీనితో అసలు భయం ఆక్సిజన్ తగ్గిపోవడం. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. పళ్ల వైద్యానికి వాడే మంచి యంత్రం 30 శాతానికి తగ్గనివ్వదు, ఆక్సిజన్ ఆగితే నైట్రస్‌నూ ఆపేస్తుంది. పని ముగిశాక రక్తంలోని నైట్రస్ ఒక్కసారిగా ఊపిరితిత్తుల్లోకి వచ్చి అక్కడి ఆక్సిజన్‌ను పలచన చేస్తుంది. అందుకే మాస్కు వెంటనే తీసేయకుండా ఐదు నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇవ్వాలి. తొందరలో వదిలేయకూడని నిమిషాలివి.

జలుబుతో ముక్కు మూసుకుపోతే వాయిదా వేయడమే మంచిది. ఈమధ్య చెవికి ఆపరేషన్ అయిందా, బి12 లోపం ఉందా అన్నది ముందే చెప్పండి. ఈ గ్యాసు బి12ను పనిచేయకుండా చేస్తుంది. పాలు, మాంసం పెద్దగా తీసుకోని ఇళ్లలో ఆ లోపం మామూలే.

నెల తప్పిన తల్లి చికిత్స గదిలో కూర్చోకుండా తండ్రిని పంపడం మేలు. పిల్లవాడు వదిలే గ్యాసును పీల్చుకుని బయటికి పంపే గొట్టం మాస్కుకి ఉందో లేదో అడగండి. మీరు అరగంటలో వెళ్లిపోతారు, అక్కడి నర్సమ్మ ఆ గాలినే రోజూ పీలుస్తుంది.