కారుకి ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పెడితే పికప్ నిజంగా పెరుగుతుందా? ఫోన్‌తో కొలిచి చూశాను

పోయిన నెల మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, బండి పికప్ బాగా పడిపోయింది. ఇంజన్‌కి గాలి సరిపోవట్లేదంట. ఓపెన్ ఫిల్టర్, పెద్ద పైపు కలిపి కిట్ 14 వేలు చెబుతున్నాడు. 10 హార్స్‌పవర్ పెరుగుద్దంట. పెట్టించెయ్యనా?"

వాడిది 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, పవర్ 83 హార్స్‌పవర్. ఈఎంఐ ఇంకా నడుస్తోంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా డబ్బు కట్టి తీసుకున్నాడు. నాదీ అదే మోడల్ కారు. పైగా రెండేళ్ల కిందట నేనూ అచ్చం ఇలాంటి కిట్టే ఆన్‌లైన్ సేల్‌లో కొని, నెల రోజులు వాడి, తీసి పక్కన పడేశాను. అప్పుడు ఫోన్‌లో సేవ్ చేసుకున్న రీడింగులు ఇంకా ఉన్నాయి. అందుకే "ఆదివారం దాకా ఆగరా, కొలిచి చూద్దాం" అన్నాను.

ముందు అసలు గాలి సంగతి చూద్దాం. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోల్ ఎక్కువ పోయడం ఇంజన్‌కి పెద్ద పని కాదు, ఇంజెక్టర్ ఇంకాస్త సేపు తెరిస్తే చాలు. గాలి లోపలికి రావడమే కష్టం. 1.2 లీటర్ ఇంజన్ 6000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే, ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి నిండుతుంది. అంటే నిమిషానికి 3600 లీటర్ల దాకా గాలి, 200 లీటర్ల డ్రమ్ములు 18! ఈ లెక్క వింటే "పాపం, ఆ చిన్న పేపర్ ఫిల్టర్ ఎలా తట్టుకుంటుంది" అనిపించడం సహజం. నాకూ అలాగే అనిపించింది, కార్డు గీకేశాను.

అయితే ఆ పేపర్ మడతలు మడతలుగా ఉంటుంది. విప్పి పరిస్తే చూడ్డానికి కనిపించే సైజుకి ఎన్నో రెట్లు ఉంటుంది. కంపెనీ ఇంజనీర్లు ఆ 3600 లీటర్ల లెక్క వేసుకునే ఆ సైజు పెట్టారు.

ఫోన్‌తో ఎలా కొలవాలి?

దీనికి పెద్ద ఖర్చేం లేదు. గత పదేళ్లలో వచ్చిన కార్లలో దాదాపు అన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. అందులో పెట్టే ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ డాంగిల్ ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌లో టార్క్ యాప్ వేసుకుంటే చాలు. ఐఫోన్ ఉన్నవాళ్లు జాగ్రత్త, పాత రకం బ్లూటూత్ డాంగిల్ దానికి కనెక్ట్ కాదు, వైఫై లేదా బ్లూటూత్ లో ఎనర్జీ రకం చూసి కొనండి. ఇంకో మాట: ఈ చవక డాంగిళ్లు నిదానం. స్క్రీన్ నిండా మీటర్లు పెట్టుకుంటే ఏదీ టైమ్‌కి అప్‌డేట్ అవదు. మనకి కావాల్సింది మూడే మూడు: ఆర్‌పీఎం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెజర్, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్. లాగింగ్ ఆన్ చేసి పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టుకోండి. నడుపుతూ ఫోన్ చూడొద్దు.

టర్బో లేని ఇంజన్‌లోకి గాలిని ఎవరూ పంపు పెట్టి కొట్టరు. పిస్టన్ కిందికి దిగితే లోపల ప్రెజర్ తగ్గుతుంది, బయట వాతావరణం గాలిని లోపలికి తోస్తుంది, అంతే. దారిలో ఫిల్టర్, పైపు, థ్రాటిల్ తలా కొంచెం ప్రెజర్ తినేస్తాయి. మొత్తం ఎంత తిన్నాయో తెలుసుకోవడం చాలా తేలిక. ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే మానిఫోల్డ్ ప్రెజర్ అంటే బయటి గాలి ప్రెజరే. మా హైదరాబాద్‌లో అది 95 కిలోపాస్కల్ చూపించింది. తర్వాత ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 5500 ఆర్‌పీఎం దగ్గర చూస్తే 92.

అంటే ఫిల్టర్, పైపు, థ్రాటిల్ మూడూ కలిపి తిన్నది 3 కిలోపాస్కల్. 95లో 3 అంటే మూడు శాతం చిల్లర. ఆ మూడింటినీ పీకేసి ఇంజన్ నోరు బార్లా తెరిచి వదిలేసినా పెరిగేది సుమారు మూడు శాతం. 83లో మూడు శాతం అంటే రెండున్నర హార్స్‌పవర్. 10 ఎక్కణ్ణుంచి వస్తుంది? దానికి 12 శాతం ఎక్కువ గాలి కావాలి, అంత గాలి అక్కడ ఆగి లేనే లేదు. (పైపు పొడవు మార్చితే గాలి అలల వల్ల ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర టార్క్ కాస్త అటూ ఇటూ అవుతుంది, నిజమే. కానీ అది అంచనా మీద పైపు కోసి బిగిస్తే వచ్చేది కాదు.)

నా కిట్ పెట్టాక అదే రోడ్డు మీద 93 వచ్చింది. ఒక్క కిలోపాస్కల్. ఓబీడీ ఈ రీడింగ్‌ని పూర్ణాంకాల్లోనే ఇస్తుంది కాబట్టి ఆ ఒక్కటి కూడా నిజానికి అర కావొచ్చు. ఇదే కారుని వైజాగ్ బీచ్ రోడ్డుకి తీసుకెళ్తే బయటి ప్రెజరే 101 దగ్గర ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా ఆరు శాతం ఎక్కువ!

అసలు దెబ్బ వేడితో

కంపెనీ ఇచ్చిన పైపు మూతి గ్రిల్ వెనక, బయటి గాలి తగిలే చోట ఉంటుంది. ఓపెన్ ఫిల్టర్ అలా కాదు, బానెట్ లోపల ఇంజన్ పక్కనే నగ్నంగా కూర్చుని అక్కడి వేడి గాలినే పీలుస్తుంది. గాలి వేడెక్కితే పల్చబడుతుంది. అదే 3600 లీటర్లలో బరువు తగ్గుతుంది. మనకి కావాల్సింది లీటర్లు కాదు, బరువు.

ఏప్రిల్ మధ్యాహ్నం బయట 39 డిగ్రీలు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకుతుంటే పాత ఎయిర్ బాక్స్‌తో ఇన్‌టేక్ టెంపరేచర్ 50 దగ్గర ఉండేది. కిట్‌తో 71. లెక్క వేస్తే ఆరు శాతం గాలి పోయినట్టు. సిగ్నల్ పడగానే యాక్సిలరేటర్ తొక్కితే బండి బద్ధకంగా కదిలేది ఇందుకే. దీనికి తోడు గాలి మరీ వేడిగా ఉంటే నాకింగ్ రాకుండా ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ని వెనక్కి జరుపుతుంది, అక్కడ ఇంకొంచెం పవర్ పోతుంది. హైవే మీద 80లో వెళ్తుంటే తేడా తగ్గింది, 44కి 49. అయినా ఒకటిన్నర శాతం నష్టం. ఫిల్టర్ ఇచ్చింది ఒక శాతం, వేడి తీసుకుంది ఒకటిన్నర.

మరి షాపుల వాళ్లు చూపించే డైనో కాగితాల్లో పవర్ ఎలా పెరుగుతుంది అంటారా? డైనో మీద బానెట్ ఎత్తేసి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి నడుపుతారు. అక్కడ ఈ వేడి కనిపించదు. ఆ ఫ్యాన్ అమీర్‌పేటలో మన ముందు పరిగెత్తదు కదా.

థర్డ్ గేర్‌లో 40 నుంచి 80కి టైమ్ కూడా చూశాను, ఏసీ ఆపి, రెండు వైపులా మూడేసి సార్లు. పాత ఫిల్టర్‌తో సగటు 9.0 సెకన్లు, కిట్‌తో 9.2. ఫోన్ జీపీఎస్ సాధారణంగా సెకనుకి ఒకసారే అప్‌డేట్ అవుతుంది కాబట్టి ఈ 0.2ని పట్టుకుని వాదించను. పెరగలేదు అని మాత్రం చెప్పగలను.

కానీ ఆ నెల రోజులూ బండి వేగంగా పోతోందనే అనుకున్నాను! కారణం సౌండ్. కంపెనీ ఎయిర్ బాక్స్‌లో గాలి మోతని అణిచే రెజొనేటర్ ఉంటుంది. అది తీసేస్తే ఇంజన్ బుస్సుమంటుంది, చెవి నమ్మేస్తుంది. మీకు ఆ సౌండే కావాలంటే అది వేరే విషయం, దాని కోసం డబ్బు పెట్టుకోండి, పవర్ కోసం మాత్రం కాదు.

మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కార్లలో ఇంకో చిక్కుంది. ఆ సెన్సర్ లెక్క దాని పైపు వ్యాసం మీద ఆధారపడుతుంది. పెద్ద పైపులో బిగిస్తే వచ్చే గాలి కంటే తక్కువ చూపిస్తుంది, పెట్రోల్ తక్కువ పడుతుంది. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ సర్దుకుంటుంది. యాప్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 10 దాటితే అదే గుర్తు. ఫుల్ థ్రాటిల్‌లో ఆ సర్దుబాటు సరిగ్గా ఉండదు, ఇంజన్ లీన్‌గా మండి వేడెక్కుతుంది. నూనె రాసే కాటన్ ఫిల్టర్‌కి నూనె ఎక్కువైతే అదీ వెళ్లి సెన్సర్ తీగకే అంటుకుంటుంది.

వేడి తప్పించాలని ఫిల్టర్‌ని కింద బంపర్ లోపలికి దింపే కిట్లు కూడా ఉన్నాయి. ఆలోచన మంచిదే, రీడింగ్ కూడా తగ్గుతుంది. కానీ మన ఊళ్లో గంట వాన పడితే రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. ఫిల్టర్ మునిగిందంటే సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తాయి, నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేకపోతే మామూలు ఇన్సూరెన్స్‌లో ఇది రావడం కష్టం. ఉన్నా సరే, పైపు మార్చారని తెలిస్తే క్లెయిమ్ దగ్గరా వారంటీ దగ్గరా వాదన తప్పదు.

టర్బో కార్ల కథ కొంచెం వేరు. అక్కడ ఫిల్టర్ దగ్గర ఆగిన ప్రెజర్‌ని టర్బో పెంచుతుంది కాబట్టి రీమ్యాప్ చేయించినప్పుడు మంచి ఇన్‌టేక్ కొంత పనికొస్తుంది. రీమ్యాప్ లేకుండా ఒట్టి ఫిల్టర్ పెడితే ఈసీయూ తన టార్గెట్ బూస్ట్ దగ్గరే ఆగిపోతుంది.

ఇక ఆదివారం బావమరిది వచ్చాడు. నా డాంగిల్ పెట్టి అదే రోడ్డుకి వెళ్లాం. ఇంజన్ ఆఫ్‌లో 95. ఫుల్ థ్రాటిల్, 5500 దగ్గర... 88! నా కారులో 3 పోతే వాడి కారులో 7 పోతోంది. షాపువాడు చెప్పిన "గాలి సరిపోవట్లేదు" అన్న మాట నిజమే అన్నమాట.

పక్కకి ఆపి ఎయిర్ బాక్స్ క్లిప్పులు తీశాం. 46 వేల కిలోమీటర్లు తిరిగిన మొదటి ఫిల్టరే ఇంకా ఉంది. మడతల మధ్య మట్టి పేరుకుపోయింది, అడుగున ఎండుటాకులు. సర్వీస్ బిల్లుల్లో ప్రతిసారీ "ఎయిర్ ఫిల్టర్ క్లీన్" అని రాసుంది, మార్చినట్టు ఒక్కదాంట్లోనూ లేదు. "మరి మైలేజ్ ఏం తగ్గలేదే బావా" అన్నాడు. తగ్గదు. మామూలుగా నడిపేటప్పుడు థ్రాటిలే గాలిని సగం మూసి ఉంచుతుంది, వచ్చినంత గాలికే ఈసీయూ పెట్రోల్ కొలిచి పోస్తుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ వాళ్లు 2009లో ఇదే పరీక్షించి, ఇప్పటి ఇంజన్లలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ పడిపోతుంది గానీ మైలేజ్ పెద్దగా మారదని తేల్చారు.

కొత్త పేపర్ ఫిల్టర్ 420 రూపాయలు. అక్కడే స్పేర్ పార్ట్స్ షాపులో కొని పెట్టి మళ్లీ పరిగెత్తించాం. 92.

తిరిగొచ్చేటప్పుడు వాడే నడిపాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ సౌండ్ మాత్రం బాగుంటది కదా బావా, నీ పాత కిట్ ఎక్కడుంది?" అన్నాడు.

అటక మీద ఉంది. ఇవ్వలేదు.