ఆరా? ఎనిమిదా?

కారు ఛేజ్ అనగానే మీకు ఏ సినిమా గుర్తొస్తుంది? ఎవరి లిస్టు వాళ్ళకుంటుంది గానీ, ఇంగ్లీషు సినిమాల పిచ్చి వున్నవాళ్ళని ఎవర్ని కదిపినా ముందు 'బుల్లిట్' పేరే చెబుతారు. 1968లో వచ్చిన సినిమా. శాన్ ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధుల్లో స్టీవ్ మెక్వీన్ ఆకుపచ్చ మస్టాంగ్‌లో, విలన్లు నల్లటి డాడ్జ్ ఛార్జర్‌లో. దాదాపు పదకొండు నిముషాలు! లాలో షిఫ్రిన్ వంటి సంగీత దర్శకుణ్ణి పెట్టుకుని కూడా, ఛేజ్ ఊపందుకోగానే మ్యూజిక్ ఆపేశారు. ఇక మిగిలిందల్లా ఇంజన్ల గర్జన, టైర్ల కీచుమోత. (శ్రద్ధగా చూస్తే ఆ ఛార్జర్ చక్రాల మూతలు నాలుగుకి మించే వూడిపడతాయి. ఎడిటింగ్‌కి ఆస్కార్ వచ్చిన సినిమా అది! అయినా అంత స్పీడులో లెక్కపెట్టేదెవరు?)

ఆ రెండు కార్లవీ ఎనిమిది సిలిండర్ల ఇంజన్లే. మస్టాంగ్‌ది 6.4 లీటర్లు, ఛార్జర్‌ది 7.2 లీటర్లు. ఆ చప్పుడు విని, స్పోర్ట్స్ కారంటే ఎనిమిదే అని తీర్మానించుకున్న కుర్రకారుకి అంతులేదు.

మరి జేమ్స్ బాండ్ సంగతేమిటి? 'గోల్డ్ ఫింగర్' (1964) లో షాన్ కానరీ ఎక్కిన ఆస్టన్ మార్టిన్ డిబి-5 గుర్తుందిగా! ముందు లైట్ల వెనక మెషిన్ గన్లు, పక్క సీటు ఆకాశంలోకి ఎగిరిపోయే మీట. ఇన్ని హంగులున్న ఆ కారులో సిలిండర్లు మాత్రం ఆరే! ఒకే వరసలో ఆరు, నాలుగు లీటర్లు, 282 హార్స్ పవర్. స్విట్జర్లాండ్ ఘాట్ రోడ్డు మీద అది ఒక తెల్ల మస్టాంగ్ టైర్లు చీల్చి పారేస్తుంది కూడా. ఆరు తీసుకున్నవాడు తక్కువవాడేం కాదు.

సరే, అసలు తేడా ఎక్కడుంది? క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్లో పెట్రోలు ఒక్కసారి మండుతుంది. ఆరుంటే 120 డిగ్రీలకొక తోపు, ఎనిమిదుంటే 90 డిగ్రీలకొకటి. ఎనిమిదిలో తోపులు దగ్గర దగ్గరగా పడతాయి. పైగా మామూలుగా ఇంజన్ సైజు కూడా పెద్దది కాబట్టి, కాలు ఆనించగానే వీపు సీటుకి అతుక్కుంటుంది. ఆరుకి మరో సుగుణం వుంది. ఆరూ ఒకే వరసలో వుంటే ఒక పిస్టన్ పుట్టించిన అదురుని ఇంకో పిస్టన్ రద్దు చేస్తుంది. బానెట్ మీద రూపాయి బిళ్ళ నిలబెట్టొచ్చు అని మెకానిక్కులు గొప్పలు చెప్పేది ఇందుకే. ఆరింటిని వి ఆకారంలో మూడేసి చొప్పున పెడితే ఆ సుఖం అంతగా రాదు. కొనేవాళ్ళు ఈ ముక్క తప్పకుండా గుర్తుంచుకోవాలి.

మరి ఆ గర్జన? అమెరికన్ వి-8లో చెరో వైపు నాలుగు సిలిండర్లుంటాయి. అవి కుడి, ఎడమ, కుడి, ఎడమ అని బుద్ధిగా వంతులు పాటించవు. మధ్యలో ఒకే వైపు రెండు వెంటవెంటనే మండుతాయి. ఆ తప్పిన తాళమే పొగగొట్టంలోంచి గుడగుడమంటూ బయటికొస్తుంది. మనం పౌరుషం అనుకుని మురిసిపోయేది అదన్నమాట!

ఈ రెంటికీ తెర మీద ముఖాముఖీ పోటీ పెట్టిన సినిమా 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' (2001). క్లైమాక్సులో పాల్ వాకర్ నారింజ రంగు టొయోటా సుప్రాలో, విన్ డీజిల్ నల్ల ఛార్జర్‌లో. సుప్రాది మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, ఛార్జర్‌ది ఎనిమిది. ఎదురుగా రైలు! రెండు కార్లూ వెంట్రుకవాసిలో రైలు ముందునుంచి దాటేస్తాయి. ఎవరు గెలిచారు? డైరెక్టరు తేల్చలేదు. సికింద్రాబాద్‌లో ఆ సినిమా చూసి బయటికొచ్చాక మా స్నేహితులు మిర్చి బజ్జీల బండి దగ్గర గంటసేపు కొట్లాడుకున్నారు. వాళ్ళూ తేల్చలేదు.

తెర బయట ఈ గొడవని బిఎండబ్ల్యు వాళ్ళు చిత్రంగా నడిపించారు. వాళ్ళ ఎం-3 కారు 2000లో ఆరు సిలిండర్లతో వచ్చింది. 2007లో ఎనిమిదికి మారింది. నాలుగు లీటర్లు, 420 హార్స్ పవర్. ఎనిమిది కదా, బరువు పెరిగి వుంటుందనుకుంటున్నారా? ఆ కొత్త వి-8 పాత ఆరు కంటే 15 కిలోలు తేలిక! సిలిండర్లు పెరిగితే ముక్కు బరువెక్కుతుందనే పాత సూత్రం అన్నిచోట్లా చెల్లదని దీంతో తేలిపోయింది. 2014కల్లా మళ్ళీ ఆరుకే వచ్చారు, రెండు టర్బోలు తగిలించి. ఈసారి 431. 'మిషన్ ఇంపాసిబుల్ – రోగ్ నేషన్' (2015) లో టామ్ క్రూజ్ కాసాబ్లాంకా సందుల్లో గిరగిర తిప్పింది ఈ ఆరు సిలిండర్ల కారునే. అంతెందుకు, 2024లో డాడ్జ్ ప్రకటించిన కొత్త ఛార్జర్‌లో పెట్రోలు ఇంజన్ కూడా ఆరు సిలిండర్లదే. మెక్వీన్ వెంటపడిన కారు మనవడన్నమాట!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, డల్లాస్‌లో వుండే మా మేనల్లుడికి ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. మన దేశానికి 2016లో మస్టాంగ్ వచ్చినప్పుడు ఎనిమిది సిలిండర్లదే వచ్చింది, ధర 65 లక్షలు. ఎంచుకోవడానికేమీ లేదు, కొనడానికి లేదు, చూసి రావడమే! అక్కడ అలా కాదు. వాడు సెకండ్ హ్యాండ్‌లో చూసిన 2011 మోడల్ రెండు రకాలుగానూ దొరుకుతుంది. వి-6 అయితే 3.7 లీటర్లు, 305 హార్స్ పవర్. వి-8 అయితే 5 లీటర్లు, 412. చదువు అప్పు ఇంకా తీరలేదు. ఉద్యోగం కొత్త.

"మామయ్యా, ఆరు కొంటే రూమ్మేట్లు నవ్వుతారు" అన్నాడు ఫోన్లో.

"నవ్వేవాళ్ళు నీ ఇన్సూరెన్సు కడతారట్రా?" అన్నాను.

ఇద్దరం లెక్క వేశాం. ఆఫీసుకి రానూపోనూ రోజుకి 80 మైళ్ళు, ఏడాదికి 20,000. ఆటోమేటిక్ గేర్లతో హైవే మీద గ్యాలనుకి వి-6 ఇచ్చేది 31 మైళ్ళు, వి-8 ఇచ్చేది 25. తేడా ఏడాదికి 155 గ్యాలన్లు. గ్యాలను 3 డాలర్లు వేసుకుంటే 465 డాలర్లు. ఇంతేనా అనిపించింది నాకు. ఎనిమిది కొన్నవాణ్ణి పెట్రోలు ముంచుతుందనేది సగం కట్టుకథే. అసలు దెబ్బ కారు ధరలో వుంది, అంతకంటే పాతికేళ్ళు నిండని కుర్రాడికి వి-8 మీద వేసే ఇన్సూరెన్సులో వుంది. అవి రెండూ కలిపితే వాడి అప్పు వాయిదాల్లో పెద్ద ముక్కే.

ఆరు చాలురా అన్నాను. 305 అంటే బాండ్ కారుకన్నా ఎక్కువే కదా! రెండూ నడిపి చూసి చెబుతానన్నాడు. ఆరు నడిపాక "బాగానే వుంది మామయ్యా" అన్నాడు. ఎనిమిది స్టార్ట్ చేసినప్పుడు మాత్రం ఏమీ అనకుండా ఫోను కిటికీ బయట పెట్టాడు. ఇక్కడ హైదరాబాదులో, అర్ధరాత్రి, స్పీకరులో ఆ గుడగుడ విని నేనూ మాట్లాడలేదు.

చివరికి ఆరే కొన్నాడు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి మంచి టైర్లు, బ్రేకు ప్యాడ్లు వేయించాడు. మలుపుల్లో బ్రహ్మాండంగా వుందట. చదువు అప్పు కూడా తీరిపోయింది. కారులోంచి నాతో మాట్లాడేటప్పుడు పక్క లేన్‌లో వి-8 ఏదైనా దూసుకుపోతే మాత్రం రెండు క్షణాలు మాట ఆపేస్తాడు. నేనూ ఏమీ అడగను.