ఊక దంచిన చప్పుడు

సభ జరిగిన మర్నాడు పత్రికలో ‘అనర్గళంగా ప్రసంగించారు’ అని వస్తుంది. ఆ సభలోనే వెనక వరసలో కూర్చుని లేచి వచ్చినవాళ్లు ‘ఊకదంపుడు’ అంటారు. ఒకే ప్రసంగానికి రెండు మాటలూ చెల్లడానికి కారణం ఆ మాటల పుట్టుకలోనే ఉంది. అర్గళం అంటే తలుపు గడియ. అది తీసేస్తే అనర్గళం, అంటే మాటకు అడ్డు లేకపోవడం. ధారాళం అన్నా, వాక్ప్రవాహం అన్నా అంతే. వాగ్ధాటిలోని ధాటి అంటే దండయాత్ర. ఈ మెప్పులన్నీ వక్త నోటి దగ్గరే ఆగిపోతాయి. విన్నవాడికి ఏం ముట్టిందో ఒక్కటీ చెప్పదు. తెగడ్తలు అలా కావు, రోలూ రోకలీ పక్కన పుట్టాయి. వడ్లు దంచితే బియ్యం వస్తాయి. చెరిగి బియ్యం తీసుకున్నాక మిగిలిన ఊకను ఎంతసేపు దంచినా రెక్కల నొప్పీ, రోకలి చప్పుడూ తప్ప చేటలోకి గింజ రాలదు. ఊకదంపుడు అన్నవాడు చప్పుడును తప్పుపట్టలేదు, శ్రమనూ కాదనలేదు. గింజ ఏదని అడిగాడు. విమర్శ అంటే ఇదీ.

‘సోది’ కూడా అలాంటిదే. సోది చెప్పే ఎరుకలసాని ముందు దేవతలందరినీ పేరుపేరునా పిలిచి, ఆ తర్వాతే అడిగినదానికి జవాబు చెబుతుంది. జవాబు రాకుండా పిలుపులే సాగితే మిగిలేది మనం విసుక్కునే అర్థంలోని సోది. సభాధ్యక్షుల నుంచి ఆత్మీయ అతిథి దాకా ప్రతి వక్తా అదే జాబితాను మొదటినుంచీ చదువుతున్నప్పుడు జనం నోట ఈ మాట రావడంలో వింత లేదు. 1982లో జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’తో ఇంటింటికీ చేరిన ‘సుత్తి’ కూడా వినేవాడి నెత్తిన పడే దెబ్బనే చెబుతుంది.

మరి బరువైన భాషే నేరమా, సభకు తగిన గాంభీర్యం ఉండొద్దా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆదిభట్ల నారాయణదాసు హరికథలో సంస్కృత సమాసాలకు కొదవ లేదు, కథ గంటల తరబడి సాగేది. దాన్ని ఊకదంపుడు అనలేదు. కథ, రాగం, లయ విన్నవాళ్ల వెంట ఇంటికి వెళ్లేవి. కాబట్టి తప్పు నిడివిదీ కాదు, సమాసాలదీ కాదు. గింజ లేదన్న సంగతిని కప్పిపుచ్చడానికి భాషను వాడుకోవడమే ఆడంబరం. ఆ కప్పు ఎలా పనిచేస్తుందో గురజాడ చూపించారు. ‘కన్యాశుల్కం’ 1909 నాటి కూర్పులో వెంకటేశం తల్లి వెంకమ్మ ముచ్చటపడి అడిగితే గిరీశమూ వెంకటేశమూ ఇంగ్లీషులో పొంతన లేని ముక్కలు అప్పజెబుతారు. కొడుక్కి చదువు వచ్చిందని ఆ తల్లి మురిసిపోతుంది. అర్థం కాకపోవడాన్ని ఆమె తన లోటుగా, వాళ్ల గొప్పగా తీసుకుంది. అర్థం కాని సమాసానికి చప్పట్లు కొట్టే సభలో జరిగేదీ అదే. జనానికి నచ్చుతోంది కదా అన్న వాదన అందుకే నిలవదు. వాళ్ల నమ్మకాన్ని, వాళ్ల సాయంత్రాన్ని వాడుకుని బదులుగా ఏమీ ఇవ్వకపోవడం అన్యాయం.

ఇదంతా పామరుల చిరాకు, శాస్త్రం తెలిసినవాళ్లు ఇలా తూచరు అనుకోవడమూ పొరపాటే. వాల్మీకి కిష్కింధకాండలో హనుమంతుడి మాట తొలిసారి విన్న రాముడు లక్ష్మణుడితో ఆ మాటతీరును మెచ్చుకుంటాడు. వేద వ్యాకరణాలు నేర్చినవాడని గుర్తిస్తాడు. అక్కడితో ఆగడు. సాగదీత లేదంటాడు, సందిగ్ధం లేదంటాడు, ఒక్క అపశబ్దమైనా దొర్లలేదంటాడు. స్వరం మరీ పెంచకుండా, తగ్గించకుండా మధ్యస్థంగా ఉందనీ గమనిస్తాడు. పాండిత్యాన్ని వినేవాడి చెవితో తూచిన మెప్పు అది. మన సభా వార్తలు రాసేవాళ్లు ‘అనర్గళంగా’ దగ్గర కలం ఒక్క క్షణం ఆపి, వక్త ఏం చెప్పారో రెండు వాక్యాల్లో రాయడానికి ప్రయత్నించాలి. రాయడానికి ఏమీ దొరకని రోజున, వెనక వరసవాళ్ల మాటనే అచ్చువేయాలి.