మునిగినదా, ముంచినారా?

ఇంగ్లీషులో 'సింక్' అనే క్రియ ఒక్కటే. ఓడ తనంతట తాను నీటి అడుగుకు పోయినా 'సింక్'. ఎవరైనా దానిని నీటి అడుగుకు పంపినా 'సింక్'. 'ది షిప్ శాంక్' అంటే ఓడ మునిగినది. 'దే శాంక్ ది షిప్' అంటే వారు ఓడను ముంచినారు. క్రియలో ఒక్క అక్షరమైనా మారలేదు. మాటల వరుస మాత్రమే మారినది. తెలుగులో అట్లా కుదరదు. మునుగు వేరు, ముంచు వేరు. నోరు విప్పేముందే ఈ రెండింటిలో ఏది చెప్పదలచుకొన్నామో మనం తేల్చుకోవలసి ఉంటుంది.

ఈ చిన్న తేడాలో ఎంత బరువున్నదో విశాఖపట్నం వారికి చెప్పనక్కరలేదు. ఇక్కడి తీరంలో అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతూ ఉంటవి. ఓడరేవు కట్టే రోజులలో ఆ ఇసుక రేవు ముఖద్వారాన్ని పూడ్చివేస్తుందేమోనని ఇంజనీర్లకు పెద్ద బెంగ. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడలను రాళ్లతో నింపి, కావాలని సముద్రంలో దించి, వాటినే అడ్డుకట్టగా వాడుకొన్నారు. 1933 లో రేవు ప్రారంభమైనది. ఆ రెండు ఓడలను గురించి 'మునిగిపోయినవి' అని రాస్తే చదివినవారు ఏదో ప్రమాదం జరిగిందనుకొంటారు. అవి మునిగినవి కావు, ముంచినవి.

ఇదే తీరానికి కొద్ది దూరంలో, 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తొంబది మందికి పైగా నావికులతో సముద్రగర్భంలో కలిసిపోయినది. మన నౌకాదళానికి చెందిన రాజ్‌పుత్ అనే యుద్ధనౌక నీటిలోకి జారవిడిచిన పేలుడు పీపాల వలన అది నాశనమైనదని మనవారి కథనం. లోపల జరిగిన పేలుడు వలననో, తాను పరచిన మందుపాతర తనకే తగలడం వలననో మునిగినదని పాకిస్తాన్ పక్షం వారి వాదం. 'ఘాజీ మునిగినది' అనే వాక్యాన్ని ఇరుపక్షాలూ ఒప్పుకొంటవి. 'ముంచినారు' అనగానే వివాదం మొదలవుతుంది. అన్ని ఏండ్ల వాదమూ రెండు క్రియారూపాల మధ్య ఉన్నది!

ఇంగ్లీషులో ఇట్లా రెండు పనులకూ ఒకే రూపంతో నడిచే క్రియలు చాలా ఉన్నవి. మెల్ట్, బ్రేక్, బాయిల్, బర్న్, ఓపెన్, ఛేంజ్ అటువంటివే. సైన్సు పుస్తకంలో ప్రతి పుటలోనూ ఇవి ఎదురవుతవి. వీటికి తెలుగులో జంటలు చూడండి: కరుగు, కరిగించు, పగులు, పగులగొట్టు, మరుగు, మరిగించు, కాలు, కాల్చు, మారు, మార్చు. జంటలో మొదటిది జరిగేది, రెండవది జరిపించేది. నిండు, నింపు, వంగు, వంచు, పెరుగు, పెంచు, దిగు, దించు అనే వాటిని పక్కపక్కన పెట్టుకొని గట్టిగా చదివితే పిల్లలకు సూత్రం చెప్పకుండానే పట్టుబడుతుంది. 'తెరచు' విషయంలో మాత్రం దారి తలక్రిందులు. అక్కడ జరిపించేదే అసలు ధాతువు. తలుపు తనంతట తాను తెరుచుకొన్నదని చెప్పడానికి 'కొను' చేర్చుకోవాలి. 'మూయు, మూసుకొను' కూడా ఇంతే.

మన భాష ఇంకొక మెట్టు కూడా ఎక్కుతుంది. రంగు మారినది, అతడు రంగు మార్చినాడు, ఆమె అతని చేత రంగు మార్పించినది. జరిగినది, చేసినది, చేయించినది అనే మూడూ ధాతువులోనే ఇమిడిపోయినవి. ఇంగ్లీషువారు మొదటి రెండింటికీ 'ఛేంజ్' తోనే సరిపెట్టుకొని, మూడవదానికి మేక్, హావ్, గెట్ అనే సహాయక్రియలను పిలుచుకొంటారు. బలవంతం ఉంటే 'మేక్', పని అప్పగిస్తే 'హావ్', బతిమాలో నచ్చజెప్పో చేయిస్తే 'గెట్'. ఈ ఛాయాభేదాలు మన 'ఇంచు' ప్రత్యయంలో లేవు. ఆ మేరకు ఇంగ్లీషుదే పైచేయి. అయితే 'షాజహాన్ బిల్ట్ ది తాజ్‌మహల్' అన్నప్పుడు చక్రవర్తే తాపీ పట్టినట్లున్నది. 'కట్టించినాడు' అన్నప్పుడు రాళ్లు మోసినవారు కూడా వాక్యంలో ఒక మూల నిలబడి ఉంటారు. మన పిల్లలు ఇంటి భాషలో 'క్షవరం చేయించుకొన్నాను' అని సరిగానే చెప్పి, ఇంగ్లీషులో 'ఐ కట్ మై హెయిర్' అని రాస్తారు. అది వింటే ఇంగ్లీషువారు ఆ పిల్లవాడు తానే కత్తెర పట్టినాడనుకొంటారు.

ఇంగ్లీషుకు ఈ జంటలు ఎన్నడూ లేవనుకోరాదు. వెయ్యేండ్లనాటి ఇంగ్లీషులో మునుగుటకు 'సింకన్', ముంచుటకు 'సెంకన్' అని వేరువేరు మాటలు ఉండేవి. కరుగుటకు 'మెల్టన్', కరిగించుటకు 'మీల్టన్'. కాలక్రమాన రెండు పనులకూ ఒకే మాట మిగిలినది. ఆ పాత జంటలలో కొన్ని ఇంకా మిగిలి ఉన్నవి: సిట్, సెట్, ఫాల్, ఫెల్, లై, లే. ఈ చివరి జంట దగ్గర మన విద్యార్థులే కాదు, ఇంగ్లీషువారి పిల్లలు కూడా తడబడతారు.

మన వైపు ఈ సంగతిని చిన్నయసూరి బాలవ్యాకరణంలో ప్రేరణమనే పేరుతో చెప్పినాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961 లో ప్రకటించిన 'తెలుగు వెర్బల్ బేసెస్' అనే గ్రంథంలో తెలుగు ధాతువులను సోదర ద్రావిడ భాషలతో పోల్చి పరిశీలించినారు. అదే సంవత్సరం వెలువడిన బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఉక్కునగరం వారికి ఇష్టమైన విశేషం ఒకటి ఉన్నది. తమిళంలో 'ఉరుకు' అంటే కరుగు, 'ఉరుక్కు' అంటే కరిగించు. కరిగించి తీసినది కూడా 'ఉరుక్కు' అనే పేరుతోనే పిలువబడి, ఆ మాటకు ఉక్కు అనే అర్థం వచ్చినది. కన్నడంలోని 'ఉక్కు', మన 'ఉక్కు' కూడా ఆ కుటుంబానివే. అంటే ఉక్కు అనే పేరులోనే 'కరిగించు' అనే ప్రేరణ దాగి ఉన్నదన్నమాట.

ఇక సైన్సు ఉపాధ్యాయునికి అన్నిటికన్న ముఖ్యమైన చిక్కు ఒకటున్నది. ఇంగ్లీషులో ప్రాణం లేని వస్తువు కూడా దర్జాగా కర్త స్థానంలో కూర్చుంటుంది. 'హీట్ మేక్స్ మెటల్స్ ఎక్స్‌పాండ్' అంటారు. దీనిని మక్కికి మక్కి దించి 'వేడి లోహములను వ్యాకోచింపజేయును' అని రాసిన పుస్తకాలు మనకు కొత్త కాదు. తప్పని అనలేము. కాని ఏ ఇంటిలోనైనా ఎవరైనా 'ఎండ అప్పడాలను ఎండింపజేసినది' అంటారా? 'ఎండకు అప్పడాలు ఎండినవి' అంటారు. దెబ్బకు కుండ పగిలినది, గాలికి దీపం ఆరినది, వేడికి మైనం కరిగినది. కార్యం కర్తగా నిలుస్తుంది, కారణం 'కు' అనే చిన్న ప్రత్యయంతో పక్కన ఉంటుంది. 'వేడికి లోహాలు వ్యాకోచిస్తవి' అంటే ఎనిమిదవ తరగతి పిల్లవాడికి ఒక్కసారిలో అర్థమవుతుంది. నా అభిప్రాయంలో శాస్త్రానికి కూడా అదే దగ్గర. వేడి అనేది గునపం పట్టుకొని వచ్చి లోహాన్ని సాగదీసే వ్యక్తి కాదు గదా!

ఐతే నిర్జీవ కర్తను మన భాష పూర్తిగా వెలివేయలేదు. వరద ఊరిని ముంచినదంటాము. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుఫాను విశాఖలో వేల చెట్లను కూల్చినదంటాము. తమంతట తాము కదిలి వచ్చే శక్తులకు ఆ గౌరవం దక్కుతుంది. కాని 'ది కీ ఓపెన్డ్ ది డోర్' అనే వాక్యానికి 'తాళంచెవి తలుపు తెరిచినది' అంటే వినేవారు నవ్వుతారు. తాళంచెవితో ఎవరో తెరవాలి.

మరొక పద్ధతి ఉన్నది. ఇది మనకు పెట్టని కోట. 'రాముడు వచ్చి భోజనం చేసినాడు' అన్నప్పుడు రెండు పనులకూ కర్త ఒకడే. అట్లా ఉండాలన్నది వ్యాకరణ నియమం. 'రాముడు వచ్చి సీత వెళ్లినది' అనము. కాని 'వాన కురిసి చెరువు నిండినది' అంటాము. ఇక్కడ కర్తలు ఇద్దరు, ఐనా చెవికి ఏ ఇబ్బందీ లేదు. మొదటిది కారణం, రెండవది దాని కార్యం కావడమే ఆ నియమాన్ని సడలించినది. 'కురిసి' అన్నమాటలో కాలక్రమమూ ఉన్నది, కార్యకారణ సంబంధమూ ఉన్నది. దీనికి బదులు 'కురిస్తే' అని వాడేటప్పుడు కాస్త జాగ్రత్త అవసరం. 'బారోమీటరులో పాదరసం దిగితే తుఫాను వస్తుంది' అన్న వాక్యం నిజమే కావచ్చు. కాని పాదరసం తుఫానును తీసుకొని రాలేదు. 'తే' ప్రత్యయం సూచనకూ పనిచేస్తుంది, కారణానికీ పనిచేస్తుంది. ఏది ఏదో ఉపాధ్యాయుడు విప్పి చెప్పాలి.

ఊదుకొలిమి పాఠం ఈ అభ్యాసానికి చాలా అనువైనది. విశాఖ ఉక్కు కర్మాగారంలో మొదటి రెండు ఊదుకొలుములకు గోదావరి, కృష్ణ అని నదుల పేర్లు పెట్టినారు. పైనుంచి ఇనుప ఖనిజం, కోకు, సున్నపురాయి వేస్తారు. క్రింది గొట్టాల గుండా వేడిగాలి ఊదుతారు. మనుషులు చేసే పని అంతటితో ఆగుతుంది. ఆ గాలికి కోకు మండుతుంది. మండి కార్బన్ డయాక్సైడు పుడుతుంది. అది ఎర్రగా కాగిన కోకుకు తగిలి కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. ఆ మోనాక్సైడు పైకి పోతూ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగుకొంటుంది. ఆక్సిజన్ పోయి ఇనుము మిగులుతుంది, వేడికి కరుగుతుంది, అడుగుకు దిగుతుంది. సున్నపురాయి విడిపోయి వచ్చిన సున్నం, మట్టిలోని సిలికాతో కలిసి చిట్టెమై ఇనుము మీద తేలుతుంది. ఆ తరువాత మళ్లీ మనిషి వస్తాడు: చిట్టెం తీస్తాడు, ఇనుము దించుతాడు. ఈ పేరాలోని క్రియలన్నిటి క్రిందా గీత గీయించి, ఏది తనంతట జరిగినది, ఏది ఎవరో చేసినది అని పిల్లలచేత విడదీయించి చూడండి. 'దిగుతుంది' దగ్గరా, 'దించుతాడు' దగ్గరా వాళ్లు ఎక్కువసేపు ఆగుతారు.