కాంప్లెక్స్‌కి వీసా ఎవరిస్తారు?

సైన్స్ ఫిక్షన్ సినిమా అనగానే మనకి గుర్తొచ్చేవి ఎగిరే కార్లూ, లేజర్ తుపాకులూ, గ్రాఫిక్స్‌కి ఎన్ని కోట్లయిందన్న లెక్కలూ. రాజకీయం మాత్రం గుర్తు రాదు. రాజకీయ సినిమా అంటే ఖద్దరు చొక్కాలు, మైకులు, ఒక అసెంబ్లీ సెట్టు ఉండాలని మన అభిప్రాయం. కానీ ఎన్నికల సినిమాలు పెద్దగా పట్టించుకోని ప్రశ్న ఒకదాన్ని ఈ సినిమాలు దాదాపు వందేళ్ళుగా అడుగుతూనే ఉన్నాయి. గోడకి లోపల ఎవరుంటారు, బయట ఎవరుంటారు, తలుపు తాళం ఎవరి చేతిలో ఉంటుంది?

1927లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'మెట్రోపోలిస్' నాటికే ఈ బొమ్మ తయారైపోయింది. పైన ఆకాశాన్నంటే మేడల్లో యజమానులు, వాళ్ళ తోటలు. నేల కింద కార్మికులు, పది గంటల షిఫ్టు, ఆ షిఫ్టుకి తగ్గట్టు పది అంకెలే ఉన్న గడియారం. ఆ తర్వాత దేశాలు మారాయి, కెమెరాలు మారాయి, ఆ మేడ మాత్రం మారలేదు. 'స్నోపియర్సర్' (2013)లో దాన్ని అడ్డంగా పడుకోబెట్టి రైలు చేశారు. ముందు పెట్టెల్లో సుశి, వెనక పెట్టెల్లో పురుగుల్ని రుబ్బి చేసిన దిమ్మలు. అదే ఏడాది వచ్చిన 'ఎలీసియం'లో దాన్ని తీసుకెళ్ళి అంతరిక్షంలో పెట్టారు. మన నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' (2024)లో తలకిందుల పిరమిడ్ చేసి కాశీ మీద వేలాడదీశాడు.

మన తరానికి తెలుగు సైన్స్ ఫిక్షన్ అంటే 'ఆదిత్య 369' (1991). సింగీతం శ్రీనివాసరావు గారు అందులో చూపించిన 2504లో అణుయుద్ధం అయిపోయాక మనుషులు భూమి లోపల బతుకుతుంటారు. పోతే అందరం కలిసే పోతాం అన్నది ఆ రోజుల భయం. అప్పటికి అమెరికా, రష్యాల ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా వేడి చల్లారలేదు మరి. 33 ఏళ్ళ తర్వాత వచ్చిన 'కల్కి'లో భయం వేరు. ప్రపంచం ఎండిపోతుంది గానీ అందరికీ కాదు. గంగలో నీళ్ళుండవు, కాంప్లెక్స్‌లో ఉంటాయి. చెట్టూ, గాలీ, తిండీ అన్నీ పైకి చేరిపోతాయి. కింద ఉన్నవాడు యూనిట్లు కూడబెట్టుకుని ఎప్పటికైనా లోపలికి పోవాలని కలలు కంటుంటాడు. హీరో భైరవ కోరిక కూడా మొదట్లో అంతే. లోకాన్ని మార్చాలని కాదు, లోపలికి వెళ్ళాలని.

ఈ కోరికని గల్ఫ్‌లో ఉన్న తెలుగువాడికి విడమరిచి చెప్పక్కర్లేదు.

నేనుండే హమద్ టౌన్ 1980ల్లో బహ్రెయిన్ ప్రభుత్వం తన పౌరుల ఇళ్ళ కోసం కట్టించిన ఊరు. రౌండబౌట్ల నంబర్లే ఇక్కడ చిరునామాలు. గల్ఫ్‌లో అరబ్బుల వైపు తీరాన మొట్టమొదట చమురు పడింది ఈ దేశంలోనే, 1932లో, జెబెల్ దుఖాన్ కొండ దగ్గర. చమురు వెనకాల డబ్బు, డబ్బు వెనకాల కట్టడాలు, కట్టడాల వెనకాల మనవాళ్ళు వచ్చారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఏ వీధిలో చూసినా తగులుతారు. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒకన్న నాకు తెలుసు. ఏసీ డక్టుల పని. 'కల్కి' చూసొచ్చి ఆయనన్న మాట ఇది: "యూనిట్లంటే మన దినార్లే గదా తమ్మీ. గాకపోతే గా భైరవ ఏజెంటుకు పైసల్ కట్టలే."

ఆ ఒక్క మాటలో ఉన్నంత రాజకీయం నాకు రివ్యూల్లో ఎక్కడా దొరకలేదు.

మా ఇద్దరి పాస్‌పోర్టులూ నీలం రంగువే, రెండింటి మీదా అవే మూడు సింహాలు. కానీ ఆయన పదో తరగతి పాసవలేదు. మన 1983 వలస చట్టం ప్రకారం అలాంటివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతుంది. బహ్రెయిన్‌తో సహా 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే వాళ్ళకి ప్రభుత్వ అనుమతి కావాలి. నాకు అక్కర్లేదు, నా దగ్గర సర్టిఫికెట్లున్నాయి. ఆ నిబంధన పెట్టింది కార్మికుడి రక్షణ కోసమే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ అనుమతి దగ్గర ఆలస్యం అవుతుందని విజిట్ వీసా మీద విమానం ఎక్కించే ఏజెంట్లు ఉన్నారు. అలా వచ్చినవాడికి ఆ రక్షణ కూడా ఉండదు. ఒకే దేశం, ఒకే విమానం, రెండు రకాల మనుషులు. ఇది రాయడానికి సైన్స్ ఫిక్షన్ రచయిత అక్కర్లేదు.

ఇక్కడ 'ఎలీసియం' గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కథాకాలం 2154. డబ్బున్నవాళ్ళు అంతరిక్షంలోని ఎలీసియంలో ఉంటారు. అక్కడ ప్రతి ఇంట్లో ఎలాంటి జబ్బునైనా నయం చేసే మంచం. కింద భూమ్మీద మాక్స్ అనే కార్మికుడు రోబోలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంటాడు. లోపలికి వెళ్తావా, ఉద్యోగం వదులుకుంటావా అంటాడు సూపర్‌వైజరు. వెళ్తాడు, రేడియేషన్ తగులుతుంది, చేతిలో ఐదు రోజులు మిగుల్తాయి. ఇవన్నీ ఇతర సినిమాల్లోనూ చూడొచ్చు. నన్ను కట్టిపడేసింది ముగింపు. అక్కడ గోడ కూలదు. కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం నడుస్తుంది, భూమ్మీద ఉన్న అందరి పేర్ల పక్కా 'పౌరుడు' అని పడుతుంది, అంతే. ఒకణ్ణి అరెస్టు చెయ్యమని అధ్యక్షుడే ఆజ్ఞాపించినా రోబో కదలదు. ఎందుకంటే అతను ఇప్పుడు పౌరుడు. మంచాలు మోసుకుని ఓడలు వాటంతటవే భూమికి బయల్దేరతాయి. రోబోలు అవే, ఓడలు అవే, మంచాలు అవే. మారింది ఒక కాలమ్.

డేటాబేసులతో బతికేవాణ్ణి కాబట్టి ఈ సీను నాకు మామూలు సీను కాదు. జీతాల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మనిషికీ స్టేటస్ అని ఒక గడి ఉంటుంది. డ్యూటీ, లీవు, ఎగ్జిట్, అబ్‌స్కాండెడ్. ఆఖరిది పడ్డ మనిషి అప్పటికి పర్మిట్ ఉన్న కార్మికుడు, పడ్డాక పోలీసుల్ని చూసి పక్క సందులోకి తిరిగే మనిషి. అలాంటివాళ్ళని గల్ఫ్ తెలుగులో ఖల్లివెల్లి అంటాం. అతను నిజంగా పారిపోయాడా, నాలుగు నెలలుగా జీతం రాక ఇంకోచోటికి పోయాడా అన్నది రాసుకోవడానికి ఆ గడిలో చోటుండదు. అలాంటి గడులు నేను కూడా డిజైన్ చేశాను. జీతం ఎన్నాళ్ళ నుంచి బాకీ ఉందో పక్కనే కనపడాలి అని ఎవరూ అడగలేదు. ఈ మధ్య అడక్కుండానే పెట్టి చూపిస్తున్నాను. కొందరు ఉంచుతారు, కొందరు తీసెయ్యమంటారు.

సినిమా రాజకీయానికీ నిజం రాజకీయానికీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. సినిమాకి సింహాసనం మీద ఒక మనిషి కావాలి. 'కల్కి'లో సుప్రీం యాస్కిన్, 'మెట్రోపోలిస్'లో ఫ్రెడర్‌సెన్. వాణ్ణి దించితే కథ అయిపోతుంది. నిజంలో సింహాసనం వెతుక్కుంటూ వెళ్తే ఫారాలు, స్టాంపులు, సర్క్యులర్లు తగుల్తాయి. గల్ఫ్ దేశాల కఫాలా పద్ధతిలో కార్మికుడి వీసా ఒక యజమానికి ముడిపడి ఉంటుంది. అది ఒక దుర్మార్గుడి కుట్ర కాదు, ఎన్నో సంతకాల కట్ట. అందుకే అది మారినా సంతకాలతోనే మారింది.

2009లో బహ్రెయిన్ కార్మిక నియంత్రణ సంస్థ, యజమాని ఒప్పుకోకపోయినా కార్మికుడు వేరే ఉద్యోగానికి మారొచ్చని నిర్ణయం చేసింది. అప్పటి కార్మిక మంత్రి మజీద్ అల్ అలావీ పాత పద్ధతిని బానిసత్వంతో పోల్చి మాట్లాడారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి మాత్రం ఆ నిర్ణయం వర్తించలేదు. కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చే మన ఆడవాళ్ళలో చాలామంది చేసేది ఆ పనే. 2011లో, మారాలంటే ముందు ఆ యజమాని దగ్గర ఏడాది పనిచేసి ఉండాలన్న షరతు చేరింది. 2017లో యజమాని లేకుండా సొంతంగా పనిచేసుకునే ఫ్లెక్సీ పర్మిట్ వచ్చింది. 2022లో దాన్ని తీసేసి వేరే రకం పర్మిట్ తెచ్చారు. ఎండాకాలం మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయట పని చేయించకూడదన్న నిబంధన ముందు జూలై, ఆగస్టు నెలలకే ఉండేది. 2025లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పెంచారు. మన వైపు చూస్తే 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది.

ఒక అడుగు ముందుకి, అర అడుగు వెనక్కి. ఇందులో క్లైమాక్స్ ఫైటు లేదు. ఎండలో ఒక నెల తగ్గడానికి ఎవరూ విజిల్ వెయ్యరు. కానీ జూన్ ఆఖర్లో మధ్యాహ్నం రెండింటికి ఇనుప చువ్వ పట్టుకోవాల్సిన చేతిని అడగండి, అది చిన్న మార్పో పెద్ద మార్పో చెబుతుంది.

ఏసీ గదుల్లో కూర్చునే మాలాంటివాళ్ళ కథ కూడా ఒకటుంది. అలెక్స్ రివెరా తీసిన 'స్లీప్ డీలర్' (2008)లో సరిహద్దు మూసేసి ఉంటుంది. మెక్సికో కార్మికులు ఒంటికి తీగలు తగిలించుకుని అక్కడినుంచే అమెరికాలోని రోబోలని నడుపుతుంటారు. ఆ దేశానికి వాళ్ళ పని కావాలి, వాళ్ళు అక్కర్లేదు. పెద్దగా ఆడని సినిమా. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో కూర్చుని అమెరికా సర్వర్లు చూసే నా స్నేహితులకి చూపిస్తే, నవ్వలేదు.

'మెట్రోపోలిస్' చివర్లో కొడుకు వచ్చి తన తండ్రి చేతినీ, ఫోర్‌మన్ చేతినీ కలుపుతాడు. సినిమా అయిపోతుంది. మర్నాడు షిఫ్టు ఎన్ని గంటలో చెప్పరు. 'కల్కి' అయితే అవతారమే రావాలంటుంది. అవతారం కోసం ఎదురుచూడటం మనకి అలవాటైన పనే, ఓటేసేటప్పుడు కూడా.

'కల్కి' రెండో భాగం వస్తే ఎక్కువమంది యాస్కిన్ ఎలా పోతాడోనని చూస్తారు. నాకు ఆ తర్వాతి రోజు చూడాలనుంది. కాంప్లెక్స్ తలుపు దగ్గర రిజిస్టరు ఎవరు రాస్తారు? కాశీ నుంచి పైకొచ్చిన వాళ్ళ పేర్లు అందులో ఏ గడిలో ఎక్కుతాయి?